పెడన దిమ్మె మీద సిలువ బొమ్మ

మా ఊరి నుంచి బెజవాడ దాకా పోయినవాళ్ళు ఉన్నారు. మిర్చి లారీల మీద ఎక్కి పోయినవాళ్ళూ ఉన్నారు. బందరు దారిలో పెడన చూసింది మాత్రం నేను, మా ఆడబిడ్డ బాలమ్మ, ఇద్దరమే. తిరిగి వచ్చినప్పటి నుంచి మిరపకాయలు ఏరే కాడ, నీళ్ళు చేదే కాడ, గుడి ముందర, అందరూ అదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పలేక ఒకేసారి చెప్పేస్తున్నాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు రాస్తోంది.

ఎందుకు పోయామంటే

ధర్మసాగర్ దగ్గర మా ఊరి గుడి చిన్నది. లోపలికి పోతే ఎడమ పక్క ఆడవాళ్ళం, కుడి పక్క మగవాళ్ళు, చాపల మీద కూర్చుంటాం. ఎదురు గోడకు ఒక కాగితం బొమ్మ ఉండేది. ఎప్పుడో ఒక తెల్ల ఫాదర్ వదిలి పోయిన పెద్ద పుస్తకాన్ని చెదలు తినగా మిగిలిన ఒక్క పుట అది. రంగులు లేవు, అంతా నల్ల గీతలే. నడుమ సిలువ మీద ప్రభువు. పైన ఒక పక్క కళ్ళూ ముక్కూ ఉన్న సూర్యుడు, ఇంకో పక్క కళ్ళూ ముక్కూ ఉన్న చంద్రుడు. రెక్కల దేవదూతలు గిన్నెలు పట్టుకొని ఆయన రక్తం నేల మీద పడకుండా పట్టుకుంటున్నారు. మగవాళ్ళు కూర్చునే దిక్కున గుర్రాలు, ఈటెలు, ఆయన అంగీ కోసం పాచికలు వేసుకునే సిపాయిలు. మా ఆడవాళ్ళ దిక్కున మరియ తల్లి. ఆమె నిలబడలేక కూలిపోతుంటే ఇద్దరు ఆడవాళ్ళు చంకల కింద చేతులు పెట్టి పట్టుకున్నారు.

మా ఆయన మిల్లులో పోయిన రోజు నన్నూ అట్లాగే పట్టుకొని గుడిలోకి తెచ్చారు. తల ఎత్తితే ఎదురుగా ఆ తల్లి. ఆనాటి నుంచి నా చోటు ఆమె కిందనే. ఊళ్ళో మొగుడు పోయిన ఆడవాళ్ళందరి చోటూ అదే. ఎవరూ పెట్టిన నియమం కాదు, అట్లా అయింది.

ఆ కాగితం పొడి రాలడం మొదలుపెట్టింది. ఫాదర్ రాని ఆదివారాలు ప్రార్థన చెప్పించే ఉపదేశి ఇన్నయ్య వరంగల్ పోయి రంగుల బొమ్మ ఒకటి కొని అద్దం కట్టించుకొచ్చాడు. అందులో ప్రభువు ఒక్కడే ఉన్నాడు.

"తల్లి యాడ బావా?" అని అడిగాను.

"ప్రభువు ఉన్నడు గదనే. ఆయన సాలడా?"

"ఆయన సాలుతడు. మాకు ఆమె గూడ గావాలె."

"మీకు గావాలంటె నేనేడికెళ్ళి తేవాలె? సరే, మంచి శుక్రవారం దాక ఆగుత. గా లోపట గసుంటి బొమ్మనే తెత్తె అదే పెడుత. తేకపోతె ఇది ఎక్కుతది. మళ్ళ నన్ను అనొద్దు."

హనుమకొండలో ఒక డ్రాయింగు సారు ఆ పుటను చూసి, ఇది కొన్ని వందల ఏళ్ళ కింద తెల్లవాళ్ళ దేశంలో కొయ్య మీద చెక్కి, సిరా పూసి, కాగితం మీద ఒత్తిన బొమ్మ అని చెప్పాడు. గీతలు మిగిల్చి తక్కిన కొయ్యంతా తవ్వేస్తారట. మన దిక్కు అట్లా చెక్కేవాళ్ళు పెడనలో ఉన్నారు, బట్టల మీద పూలు అచ్చొత్తే కొయ్య దిమ్మెలు వాళ్ళే చేస్తారు అన్నాడు. ఆయనే బొమ్మ మీద పలుచని నూనె కాగితం పరిచి, గీత గీతా దించి ఇచ్చాడు. పెడన బట్టలు తెచ్చి అమ్మే సేటు చేతికి ఆ కాగితం పంపాము. దిమ్మె అయిందని కబురు వచ్చేసరికి మంచి శుక్రవారం దగ్గరికి వచ్చేసింది. అచ్చు ఒత్తేటప్పుడు అసలు బొమ్మ పక్కన పెట్టి చూసుకోండి అని సారు చెప్పాడు. పాత పుటను రెండు అట్టల నడుమ పెట్టి, చీర పేలికతో కట్టి, బండి ఎక్కాము.

డోర్నకల్ దాకా

ప్యాసింజరు బండి. ప్రతి చెట్టు దగ్గరా ఆగింది. మా ఎదురుగా గాజుల మలారం ఒళ్ళో పెట్టుకొని ఒక ముసలమ్మ కూర్చుంది. వరంగల్ మట్టెవాడ తురకామె. డోర్నకల్‌లో మనవరాలి నిఖా ఉందట, గాజులు తొడగడానికి పోతోంది. నా చేతులు చూసి ఏమీ అనలేదు కానీ బాలమ్మ చేతులు పట్టుకొని వదలలేదు.

"ఏంది బేటీ, మొగడు ఉండంగ గీ రెండు గాజులేనా? జర నిండ ఏసుకో."

"పైసలు ఎవలిస్తరు అవ్వా, నీ కొడుకిస్తడా?" అంది బాలమ్మ.

ముసలమ్మ పడి పడి నవ్వింది. నవ్వి, నా ఒళ్ళోని అట్టలు చూపించి, గంత భద్రంగ పట్టుకున్నవు, అండ్ల ఏమున్నది అని అడిగింది. మరియ తల్లి బొమ్మ అని చెప్పాను.

"మరియం బీబీదా? విప్పు బేటీ, సూద్దాం. మా ఇంట్ల బొమ్మలు పెట్టుకోరు గని, ఆమె పేరు మావోళ్ళల్ల గూడ ఉన్నది. మా అక్క పేరు మరియమే."

విప్పి చూపించాను. ముట్టుకోలేదు, చేతులు వెనక పెట్టుకొని వంగి చూసింది. "పట్టుకున్న ఇద్దరు ఆమెకు ఏమైతరు?" అని అడిగింది. నాకు తెలియదు అన్నాను. "సుట్టాలు గాకపోయిన పట్టుకుంటరులే" అంది. దిగేటప్పుడు ఉప్పూ కారం చల్లిన మామిడి ముక్కలు నా చేతిలో పెట్టి పోయింది.

బెజవాడ అన్నం

బెజవాడలో భోజనం రెండు రూపాయలు. కడుపు నిండినదాకా పెడతారు. నెయ్యి గిన్నె పట్టుకొని ఒకడు అదే పనిగా తిరుగుతుంటాడు. మా దిక్కు పెండ్లిలో కూడా నెయ్యి అట్లా పోయరు. కారం మాత్రం మాకంటే ఒక ఆకు ఎక్కువే. గోంగూర ముద్ద నోట్లో పెట్టుకొని బాలమ్మ రెండు లోటాల నీళ్ళు తాగింది.

అది మంచి శుక్రవారం ముందరి తపస్సు కాలం, మాంసం ముట్టం. మా దిక్కు కూర అంటే మాంసమే. వడ్డించేవాడు రాగానే బాలమ్మ "కూర వద్దయ్యా" అంది. వాడు వింతగా చూసి వంకాయ కూర, దొండకాయ వేపుడు, ఏమీ వెయ్యకుండా ఇద్దరికీ ఒట్టి అన్నం పెట్టి పోయాడు. పక్క ఆకుల్లో అన్ని రకాలు, మా ఆకుల్లో అన్నం, పచ్చడి.

"ఏం హోటలే ఇది, మనకేంది గిట్ల బెట్టిండు?" అని బాలమ్మ లేవబోయింది.

పక్కన కూర్చున్న ఒక పెద్దాయన విని, సంగతి పట్టుకొని, వాణ్ణి పిలిచాడు. "ఒరేయ్, వీళ్ళది ఓరుగల్లు వైపు. వాళ్ళు వద్దన్నది నీచు. కూరగాయలు పట్రా." వాడు నవ్వు ఆపుకుంటూ రెండింతలు వడ్డించాడు. జొన్న రొట్టె ఉందా అని బాలమ్మ అడగబోతే ఆమె మోకాలు గిల్లాను.

పెడన

పెడనలో దిగగానే చెవులకు మగ్గాల చప్పుడు, ముక్కుకు పులిసిన వాసన. ఆ వాసన సంగతి తరువాత తెలిసింది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి కుండల్లో మగ్గబెడతారు. అదే వాళ్ళ నల్ల రంగు. బట్టనేమో కరక్కాయ రసంలో, గేదె పాలలో తడిపి ఎండబెడతారు. అప్పుడే నలుపు పట్టి కూర్చుంటుంది. మా దిక్కు బర్రె పాలు పిల్లలకే చాలవు, వీళ్ళు బట్టకు తాపుతున్నారని బాలమ్మ ముక్కు మీద వేలు వేసుకుంది.

దిమ్మె చెక్కిన ఆయన పేరు భద్రాచారి. అరవై దాటి ఉంటాడు. ఆయన భార్య కనకమ్మ మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది.

"మీ బొమ్మ నా కళ్ళు తోడేసిందమ్మా" అన్నాడు భద్రాచారి. "పూలు, లతలు, చిలకలు, దేవుళ్ళు, అన్నీ చెక్కాను. ఇంత సన్నపు గీత ఎప్పుడూ చెక్కలేదు. నీడ చూపించడానికి వాళ్ళు ఏం చేశారో చూశారా? పక్కపక్కన గీతలు, అంతే. దగ్గరైతే చీకటి, దూరమైతే వెలుతురు."

అది నాకు తెలిసింది. గొర్రుతో విత్తిన సాళ్ళలాగా ఉంటాయి ఆ గీతలు.

"ఇంకో సంగతండీ. ఏ గీత పట్టుకొని పోయినా ఆయన కాళ్ళ దగ్గరికే చేరుతుంది. ఈటెలు అటే వంగాయి, కొండలు అటే దిగాయి, ఆడవాళ్ళ కుచ్చిళ్ళు కూడా అటే. గీసినవాడు సామాన్యుడు కాదు."

ఇన్నేళ్ళు ఆ బొమ్మ కింద కూర్చొని నేను అది చూడలేదు. నేను తల్లిని చూసేదాన్ని, అంతే.

గోనె పట్టాలు పరిచిన బల్ల మీద బట్ట పరిచాడు. దిమ్మె టేకుది, మోచేయంత పొడుగు, వెనక పట్టుకునే పిడి. దాన్ని బోర్లా రంగులో అద్ది, బట్ట మీద పెట్టి, పిడికిలితో గట్టిగా గుద్ది ఎత్తాడు. మొదట బూడిద రంగులో కనిపించింది. చూస్తుండగానే నల్లబడింది. అన్నీ ఉన్నాయి. సూర్యుడు, చంద్రుడు, గిన్నెల దేవదూతలు, ఏదీ పోలేదు. కానీ ఏదో తేడాగా ఉంది. అట్టలు విప్పి పాత పుటను పక్కన పెట్టాను.

బాలమ్మే ముందు అరిచింది. "వదినె! తల్లి గా దిక్కు పోయింది!"

నిజమే. తల్లి మగవాళ్ళ దిక్కు పోయింది. పాచికల సిపాయిలు వచ్చి మా ఆడవాళ్ళ నెత్తి మీద కూర్చున్నారు.

"గిట్లెట్ల జేసినవయ్యా?" అని అడిగాను.

భద్రాచారి రెండు బొమ్మలూ మార్చి మార్చి చూశాడు. "కావాలనే పెట్టానమ్మా" అన్నాడు. "మీ నూనె కాగితం రెండు వైపులా ఒకలాగే కనబడుతుంది. ఏది ముందో ఏది వెనకో దాని మీద గుర్తు లేదు. ఆయన కుడి చెయ్యి చూసి పోల్చుకుందామంటే రెండు చేతులకూ మేకులే. మరి ఎలా తేల్చను? సీతమ్మ ఎప్పుడూ రాముడికి ఎడమ పక్కనే కదా. అయ్యవారికి ఎడమన అమ్మవారు. నేను చెక్కిన ఏ దేవుడికైనా అంతే. కుడి పక్కన పడితే అపచారమని, ఎడమన వచ్చేలా చెక్కాను."

"అయ్యో నీ పాడుగాను, గామె పెండ్లాం గాదయ్యా, తల్లి!" అంది బాలమ్మ.

"తల్లా?" ఆయన మళ్ళీ వంగి చూశాడు. "ఇంత పడుచుగా ఉంది కదమ్మా! ఆయనకు గడ్డం ఉంది, ఈవిడ ముఖాన ముడతైనా లేదు."

కనకమ్మ గుమ్మంలోంచి అందుకుంది. "ముఖం చూడడం దేనికి? ఆ పడిపోవడం చూస్తే తెలియట్లా? పెళ్ళాం అయితే గుండెలు బాదుకుంటుంది. కాళ్ళు చచ్చుబడేది తల్లికే."

మా ఆయన పోయిన రోజు పెళ్ళాంగానే నాకు కాళ్ళు చచ్చుబడ్డాయి. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

మా గుడిలో ఎవరు ఏ దిక్కు కూర్చుంటారో, గోడకు ఏ బొమ్మ ఎక్కబోతోందో భద్రాచారికి చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. కొత్తది చెక్కి ఇస్తాను, పైసా వద్దు, కానీ నెల పడుతుంది అన్నాడు. మాకు నెల లేదు. పలుచని బట్ట మీద ఒత్తి వెనక నుంచి చూస్తే సరిపోతుందేమో అని తనే ఒకటి ఒత్తి చూశాడు. వెనక నుంచి పొగలాగా వచ్చింది. ముఖాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఆ పూట కనకమ్మ వంకాయ పులుసు పెట్టింది. తింటున్నంతసేపూ ఇన్నయ్య అద్దం బొమ్మే కళ్ళ ముందు ఆడింది.

కాలవ గట్టు

మరునాడు పొద్దున్నే కనకమ్మ వెంట కాలవకు పోయాము. గట్టు పొడుగునా అచ్చు బట్టలు ఉతికి ఆరేస్తున్నారు. మా దిక్కు వాగు ఎండాకాలంలో ఇసుకే. ఇక్కడ నీళ్ళు ఒడ్డులు తాకి పోతున్నాయి, అడిగేవాడు లేడు. అంతకు ముందు వచ్చిన తుఫానులో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో ఒకామె తన మెడ దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. చూపించి మళ్ళీ బట్ట పిండుకుంది.

కనకమ్మ దిమ్మెను కుంచెతో కడిగి, ఆరడానికి మెట్టు మీద ఏటవాలుగా నిలబెట్టింది. అప్పటిదాకా ఆ దిమ్మె ముఖం నేను సరిగ్గా చూడలేదు. ఎప్పుడూ బోర్లానే ఉండేది. ఇప్పుడు చూస్తే తల్లి మా దిక్కునే ఉంది.

"బాలమ్మా, ఇటు రా. గీ కట్టె మీద తల్లి ఏ దిక్కున్నది?"

బాలమ్మ తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "గిదేంది వదినె, మన దిక్కే ఉన్నది! రాత్రికి రాత్రి తిరిగిందా ఏంది?"

తిరగలేదు. ఒత్తితే తిరగబడుతుంది, అచ్చు గుణమే అంత. బట్ట మీద అటు పోయిందంటే కొయ్య మీద ఇటే ఉన్నట్టు. భద్రాచారి సరిగ్గా చెక్కి ఉంటే కొయ్య మీద మా తల్లి అటు ఉండేది.

దిమ్మెను మోసుకొని పోయి, మాకు బట్ట వద్దు, ఇదే ఇవ్వు, గోడకు ఇదే పెట్టుకుంటాం అని ఆయనకు చెప్పాను. ఆయనకు నచ్చలేదు.

"దిమ్మె పనిముట్టమ్మా. దాన్ని ఎవరైనా చూపిస్తారా? వంట అయ్యాక గరిటెను తెచ్చి విస్తట్లో వడ్డిస్తామా?"

"మాకు ఒక్కటే గోడ అన్నా, ఒక్కటే బొమ్మ. వంద అచ్చులు మేమేం జేసుకోవాలె?"

"పిడి ఉంటే గోడకు ఆనదు. కోసేశాక ఇక ఒత్తడానికి రాదు. తరువాత కాదంటే అతికించలేను."

"కొయ్యి."

రంపం పెట్టి మళ్ళీ ఆగాడు. "ఇంత కష్టపడి చెక్కింది ఒకే ఒక్క అచ్చుకా?" అన్నాడు, నాతో కాదు, దిమ్మెతో అన్నట్టు.

"ఒక్క అచ్చుకు గాదు. ఒక్క గోడకు. గా గోడ ముందట ఊరంత కూసుంటది" అన్నాను.

కోశాడు. రంపపు పొట్టు కనకమ్మ చేటలోకి ఎత్తింది.

కానీ గోడకు ఆనించి నాలుగడుగులు వెనక్కి వచ్చి చూస్తే ఏమీ కనబడలేదు. అంతా ఒకే నలుపు. కనకమ్మ లోపలికి పోయి బియ్యప్పిండి తెచ్చి, దిమ్మె మీద చల్లి, అరచేత్తో రుద్ది, పైపైన తడి గుడ్డతో తుడిచింది. పిండి లోతుల్లో ఉండిపోయింది, గీతలు నల్లగా తేలాయి. చెక్కినప్పుడు ముఖాలన్నీ లోతుగా తవ్వుతారు కదా, అక్కడ పిండి ఎక్కువ నిండి ముఖాలే ముందు కనిపించాయి.

భద్రాచారి చాలాసేపు చూశాడు. చెక్కిన ఆయన తన పనిని అట్లా చూడడం అదే మొదలు కావచ్చు. నిన్న ఒత్తిన అచ్చు బట్ట తనకు వదిలిపెట్టమని అడిగాడు. మాకు పనికిరాదు, ఆయనకు పనికి వస్తుంది. ఇచ్చేశాము.

తిరుగు బండి

దిమ్మె బరువు వచ్చేటప్పుడు తెలిసింది. కాసేపు నేను, కాసేపు బాలమ్మ, చంటి పిల్లను మోసినట్టు మోసాము. పండుగకని బందరు హల్వా పావు కిలో కొన్నాము. తపస్సు కాలం కాబట్టి నోట్లో వేసుకోలేదు, వాసన చూసుకుంటూ వచ్చాము. ఖమ్మంలో ఎక్కిన ఒకడు సీటు మీద దిమ్మెను చూసి "అవ్వా, రొట్టెల పీట జర జరుపు, కూసుంట" అన్నాడు.

"కూసో బిడ్డా, నెత్తి మీద కూసో" అంది బాలమ్మ.

గుడ్డ తీసి చూపించాను. వాడు వరంగల్ దాకా నిలబడే వచ్చాడు. సీటు ఖాళీ అయినా కూర్చోలేదు.

మా గుడిలో

ఇన్నయ్య మేకు, సుత్తి సిద్ధంగా పెట్టుకొని ఉన్నాడు. దిమ్మెను చూసి పెదవి విరిచాడు.

"గిది కట్టె గదనే. నేను జెప్పింది బొమ్మ. అచ్చు కట్టె అంటె ఉల్టా ఉంటదట గద, డ్రాయింగు సారు నాకు సెప్పిండు. నన్ను ఎడ్డోన్ని జేత్తానవా?"

"ఉల్టా ఉన్నదో సీదా ఉన్నదో నువ్వే సూడు బావా" అని పాత పుటను పక్కన పెట్టాను. మొగుడు పోయిన ఆడవాళ్ళందరూ అప్పటికే వచ్చి కూర్చున్నారు.

ఇన్నయ్య కళ్ళద్దాలు పెట్టుకొని ఒక్కొక్కటే పోల్చాడు. ఒక వేలు కాగితం మీద, ఒక వేలు కట్టె మీద. సూర్యుడు. చంద్రుడు. గుర్రాలు. ఈటెలు ఎన్ని ఉన్నాయో రెండింటిలోనూ లెక్కపెట్టాడు. తల్లి దగ్గరికి చివరికి వచ్చాడు. కట్టె మీద వేలు ఆమె ముఖం లోతులో ఆగింది. తీసి చూసుకుంటే వేలికి పిండి అంటి ఉంది.

"గీ మేకు ఆగది" అన్నాడు. "అద్దం బొమ్మకని తెచ్చిన. దీనికి గట్టిది గావాలె. బండి చక్రానికి కొట్టేది ఉంటె తెండ్రి."

ముగ్గురు ఆడవాళ్ళు ఒకేసారి లేచి పరుగెత్తారు. గోడ పై భాగం మట్టిది కాబట్టి మేకు అక్కడ పట్టలేదు, కిందికి, రాతి మీదికి దించి కొట్టాల్సి వచ్చింది. అద్దం బొమ్మ తలుపు పక్కన ఎక్కింది. ప్రభువు ఇప్పుడు రెండు చోట్లా ఉన్నాడు.

మంచి శుక్రవారం సిలువకు ముద్దు పెట్టి వచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరూ తల్లి మీద చెయ్యి వేసి పోయారు. పాత బొమ్మ ఉన్నప్పుడు ఎవరూ ముట్టుకునేవాళ్ళం కాదు, ముట్టుకుంటే రాలేది, చెయ్యి అంత పైకి అందేదీ కాదు. సాయంత్రానికి తల్లి ముఖంలో, పట్టుకున్న ఆ ఇద్దరి ముఖాల్లో పిండి పోయి కట్టె బయటపడింది. ముట్టుకోవద్దని అందరికీ చెప్పమని ఇన్నయ్య నన్ను కోప్పడ్డాడు. నేను ఎవరికీ చెప్పలేదు. ప్రతి శనివారం కాస్త బియ్యప్పిండి కొంగున కట్టుకొని పోయి ఆ మూడు ముఖాలూ నింపి వస్తున్నాను. సిపాయిల ముఖాల్లో మాత్రం పెడనలో కనకమ్మ పెట్టిన పిండే ఇంకా ఉంది.